తెరిచిన సీసాలు

ఆ ఏడు వానాకాలంలో తవొంగా మ్సిస్కాకి మంచం మీంచి లేవడమే పెద్ద పనైపోయింది. యాభై నాలుగేళ్లు నిండాయి. పొద్దున్నే మోకాళ్లు పట్టేసేవి. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తేగాని మాట వినేవి కావు. అయినా ఏడింటికల్లా ల్యాబ్ తాళం తీయాల్సిందే. ఆమె తీయకపోతే తీసేవాళ్లు లేరు.

ఆ ల్యాబ్ మలావీ దేశంలో చిలుంజి జిల్లా ఆసుపత్రి వెనక, వంటశాలకీ శవాల గదికీ నడుమ ఉన్న రెండు రేకుల గదులు. ఏడేళ్ల కిందట పైదేశపు విశ్వవిద్యాలయం వాళ్లు వచ్చి కట్టారు. ఇక్కడి పిల్లల జ్వరాల మీద ఐదేళ్లు పరిశోధన చేశారు. గడువు తీరగానే అందరితో చేతులు కలిపి, కేకు కోసి, వెళ్లిపోయారు. ఒక ఫ్రిజ్, సూక్ష్మజీవుల్ని వెచ్చగా ఉంచి పెంచే ఇంక్యుబేటర్, ఎండతో నడిచే బ్యాటరీలు, గుమ్మం పక్కన ఒక రంగుల బోర్డు మిగిలాయి. "ఇక మీరే నడుపుకోగలరు" అన్నారు పోతూపోతూ. ఆ మాట బాగానే ఉంది. కానీ సూక్ష్మజీవులు మొలవడానికి కావలసిన ప్లేట్లు వాళ్ల దేశం నుంచే వచ్చేవి. వాళ్లతోపాటు అవీ ఆగిపోయాయి.

ప్లేట్లు ఇక్కడే తయారు చేసుకోవాలంటే గొర్రె నెత్తురు కలపాలి. తవొంగా సంతకి వెళ్లి ఒక గొర్రెని కొనుక్కొచ్చి ల్యాబ్ వెనక కట్టేసింది. వారానికోసారి దాని మెడ దగ్గర కాస్త నెత్తురు తీసి, గడ్డకట్టకుండా గాజుపూసలు వేసిన సీసాలో పోసి, చేతులు పడిపోయేదాకా ఊపేది. ఆసుపత్రిలో అందరూ ఆ గొర్రెని డాక్టరమ్మ అనేవాళ్లు. ఆఫీసు గుమాస్తా, ఆసుపత్రి ఆవరణలో పశువులు ఉండరాదని ఉత్తరం రాశాడు. అది పశువు కాదు, పరికరం అని తవొంగా జవాబు రాసింది. ఆ తర్వాత గుమాస్తా ఊరుకున్నాడు గానీ, తన గది ముందు వేసుకున్న ఆవకూర మొక్కల చుట్టూ కంప కొట్టించుకున్నాడు.

ఆమె ఈ పనిలోకి వచ్చి ముప్పై ఏళ్లు. అందులో ఇరవై మూడేళ్లు చేసింది పెట్టెలు కట్టడమే. పల్లె పల్లె తిరిగి పిల్లల నెత్తురు తీయడం, గొట్టాల్లో పోయడం, మంచులో పెట్టి విమానం ఎక్కించడం. పెట్టెలు వెళ్లేవి, జవాబులు తిరిగి వచ్చేవి కావు. ఎప్పుడో రెండేళ్లకి ఒక వ్యాసం అచ్చయ్యేది. దాని చివర చిన్న అక్షరాల్లో కృతజ్ఞతలు చెప్పేవాళ్లు, ఆమె పేరు తప్పుగా రాసి. ఆ పిల్లలకి ఏ జబ్బు చేసిందో ఊరివాళ్లు అడిగితే ఆమె దగ్గర మాట ఉండేది కాదు. అందుకే ఈ రెండు గదులు కట్టినప్పుడు, ఇక్కడ తీసిన నెత్తురుకి ఇక్కడే జవాబు దొరకాలని పట్టుబట్టింది. ఏడేళ్లలో ఎనిమిది మందికి పని నేర్పింది. పని వచ్చాక ఏడుగురు వెళ్లిపోయారు. తవొంగా వాళ్లని తప్పుపట్టలేదు. మంచి జీతం ఉన్నచోటికి ఎవరైనా వెళతారు. కానీ మొదటి పాఠం మళ్లీ మొదలుపెట్టిన ప్రతిసారీ ఆమె ఒంట్లోంచి ఏదో కొంచెం పోయినట్టుండేది.

ఎనిమిదో మనిషి లుసుంగు. ముప్పై ఒక్కేళ్లది, చెయ్యి శుభ్రం, కన్ను చురుకు, నోరు ఇంకా చురుకు. రాజధానిలో కొత్త టీకా పరీక్షిస్తున్న పెద్ద సంస్థ నుంచి ఆమెకి ఉద్యోగ పత్రం వచ్చింది. ఫిబ్రవరి ఆఖరికి చేరమన్నారు. తవొంగాకి ఆ సంగతి తెలుసు. ఇద్దరూ దాని గురించి సూటిగా మాట్లాడుకోలేదు.

వానలు ముమ్మరమయ్యే జనవరిలో పసికందుల వార్డులో జ్వరాలు మొదలయ్యాయి. ఆ వార్డు చూసే హెడ్ నర్సు, సిస్టర్ ఎలీనా న్యిరొంగో, తవొంగాకి చిన్నప్పటి నుంచీ తెలుసు. మిషన్ బళ్లో రెండు తరగతులు పైన చదివింది. తవొంగాకి ఇప్పటికీ ఆమె అక్కే. ముప్పై మంచాలకి ఇద్దరు నర్సులతో పదేళ్లుగా ఆ వార్డుని నడుపుతున్న మనిషి. గొంతు వింటే డాక్టర్లే తలుపు దగ్గర ఆగేవాళ్లు. పిల్లలు ఎందుకు పోతున్నారని ఎవరైనా అడిగితే ఎలీనా దగ్గర ఒకటే మాట. "తల్లులు ఆలస్యంగా వస్తారు. ఇంట్లో నాటుమందులన్నీ అయ్యాక మన గుమ్మం గుర్తొస్తుంది వాళ్లకి." చాలాసార్లు అది నిజమే కూడా.

జ్వరం వచ్చిన ప్రతి బిడ్డ నెత్తురూ ల్యాబ్‌కి పంపమని తవొంగా అడిగింది. ఎలీనా పంపింది. ఒకరోజు పొద్దున లుసుంగు ఇంక్యుబేటర్ తీసి ప్లేట్లు ఒక్కొక్కటే తిప్పి చూసింది. తర్వాత ఒక ప్లేటు పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చింది.

"అమ్మా, ఇది చూడండి. ఐదో బిడ్డ. మళ్లీ అదే."

ప్లేటు మీద బూడిదరంగు మచ్చలు ఉబ్బి ఉన్నాయి. లుసుంగు తీగతో తాకి పైకి లాగితే చీమిడిలా సాగాయి.

"నిన్నటి ప్లేటే పొరపాటున మళ్లీ తీశావేమో చూడు," అంది తవొంగా.

"అంత పిచ్చిదాన్నయితే రాజధానివాళ్లు నాకు ఉద్యోగం ఎందుకిస్తారమ్మా?"

"వాళ్లూ పిచ్చివాళ్లే అయ్యుండొచ్చు."

లుసుంగు నవ్వింది గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఫిబ్రవరి మొదటివారానికి ఇరవై ఒక్క మంది పిల్లల్లో ఎనిమిది మంది నెత్తురులో అదే మొలిచింది. దాన్ని క్లెబ్సియెల్లా అంటారు. వార్డులో ఇచ్చే రెండు మందుల్లో ముంచిన కాగితపు బిళ్లలు ఆ ప్లేట్ల మీద పెట్టి చూశారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఏర్పడాలి. ఆ మచ్చలు బిళ్ల అంచుదాకా హాయిగా పరుచుకున్నాయి. ఎనిమిది మందిలో ఐదుగురు అప్పటికే పోయారు.

వేరువేరు ఊళ్ల నుంచి, వేరువేరు తల్లుల నుంచి వచ్చిన పిల్లలకి ఒకే జీవి ఎలా పట్టింది? అది తల్లుల దగ్గర్నుంచి వచ్చి ఉండదు, వార్డులోనే ఉండాలి. తవొంగాకి ఆ సంగతి అర్థమైన క్షణం సంతోషమేమీ కలగలేదు. కుర్చీలో కూర్చుండిపోయింది.

వార్డంతా దూదితో తుడిచి చూడాలని ఇద్దరూ వెళ్లి అడిగితే ఎలీనా నడుం మీద చేతులు పెట్టుకుంది. "చూసుకోండమ్మా. నా వార్డులో నేల మీద న్సీమా ముద్ద పెట్టుకుని తినొచ్చు. కావాలంటే దూదితో నా ముక్కు కూడా తుడుచుకెళ్లండి."

లుసుంగు నిజంగానే అన్నీ తుడిచింది. తొట్టి, పంపు, మంచాల అంచులు, సబ్బు, గొంతు శుభ్రం చేసే గొట్టాలు, నర్సుల చేతులు. బయటికి వచ్చేస్తూ బల్ల మీదున్న సెలైన్ సీసాని చూసి, అందులోంచి కూడా కొంచెం తీసుకుంది. వార్డులో చేరిన ప్రతి బిడ్డకీ ముందుజాగ్రత్తగా ఇంజెక్షన్ ఇస్తారు. ఆ పొడి మందుని కలపడానికి చిన్న చిన్న నీళ్ల బుడ్లు వాడాలి, బిడ్డకొకటి. అవి రావడం మానేసి ఏడాది దాటింది. అందుకని పెద్ద సెలైన్ సీసా ఒకటి తెరిచి, మూతకి సూది గుచ్చి ఉంచి, అందులోంచే అందరికీ తీస్తున్నారు. సీసా అయిపోయేదాకా రెండు మూడు రోజులు అలాగే ఉండేది.

రెండు వారాల్లో తొమ్మిది తెరిచిన సీసాలు పరీక్షించారు. ఆరింట్లో అదే జీవి. మూత తీయని సీసాలు ఐదు చూస్తే ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు. తవొంగా మళ్లీ చేయించింది. ఆ తర్వాత తనే చేసింది. మూడోసారి కూడా అదే వచ్చేసరికి ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి జిల్లా వైద్యాధికారి గదికి నడిచింది.

డాక్టర్ ముగోఘోకి ముప్పై ఆరేళ్లు, మొహం చూస్తే యాభై. జిల్లా మొత్తానికి ఉన్న ఇద్దరు డాక్టర్లలో ఒకడు. ఆ పొద్దున డీజిల్ లేని అంబులెన్సు గురించి ఫోన్లో ఎవర్నో బతిమాలుతున్నాడు. ఆమె చెప్పిందంతా విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇవి రాజధానికి పంపుదాం తవొంగా గారూ. వాళ్లు బయటికి పంపి ఖాయం చేయిస్తారు. మూడు నెలలు."

"మూడు నెలలు ఆ సూది ఆ సీసాలోనే ఉండాలా, డాక్టర్ గారూ?"

"నన్నర్థం చేసుకోండి. రేపు మంత్రిత్వశాఖ అడుగుతుంది, ఎవరు తేల్చారని. మా ఆసుపత్రి వెనక ల్యాబ్ తేల్చింది, వాళ్లకొక గొర్రె కూడా ఉంది అని చెప్పనా? ఎవరు నమ్ముతారు?"

"నేను నమ్ముతున్నాను. మూడుసార్లు చేసి చూసి నమ్ముతున్నాను. నేర్చుకున్నది ఇందుకేగా."

అతను కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "కాగితం మీద నాకేమీ ఇవ్వకండి ఇప్పుడే," అన్నాడు చివరికి. "మిగతాది మీ ఇష్టం."

ఆ గదిలోంచి బయటికి వచ్చి తవొంగా వరండాలో నిలబడింది. ఇంటికి వెళ్లి పడుకోవాలనిపించింది. మూడు నెలలు ఆగమన్నది తను కాదుగదా, పై అధికారి. ఆగితే ఆమెని అడిగేవాళ్లు లేరు. ఎలీనా మొహం కూడా చూడక్కర్లేదు. ఈ ఆలోచన వచ్చినందుకు ఆమె తర్వాత చాలా రోజులు సిగ్గుపడింది. కానీ అప్పుడు మాత్రం వరండా స్తంభానికి ఆనుకుని దాన్ని కాసేపు అలాగే ఉండనిచ్చింది. తర్వాత వార్డు వైపు నడిచింది.

ఎలీనా తన చిన్న గదిలో టీలో మందాసి బూరె ముంచుకుని తింటోంది. "నువ్వు కాళ్లీడ్చుకుంటూ ఇటొచ్చావంటే ఏదో చావు కబురే. కూర్చో."

తవొంగా కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో నడుస్తూ ఆలోచించుకున్నదంతా మర్చిపోయింది. "సీసాల్లో ఉంది అక్కా. తెరిచిన సీసాల్లో."

ఎలీనా నమలడం ఆపింది. "సెలైన్ సీసాల్లోనా?"

"అవును."

"సూది దానికే ఉంచి వాడమన్నది నేను."

"తెలుసు."

"తెలిసే వచ్చావా?"

"తెలుసు కాబట్టే ముందు నీ దగ్గరికొచ్చాను."

ఎలీనా టీ కప్పు పక్కకి నెట్టింది. గొంతు పెంచలేదు, అది ఇంకా భయంగా ఉంది. "బుడ్లు లేవని ఎన్ని ఉత్తరాలు రాశానో తెలుసా నీకు? ఏడు. ఒక్కదానికీ జవాబు లేదు. మందు కలపడానికి నీళ్లు లేకపోతే పిల్లల్ని అలా చూస్తూ కూర్చోమంటావా? నీకేం, తలుపేసుకుని గొర్రెతో కబుర్లు చెప్పుకుంటావు. ముప్పై మంది ఏడుస్తుంటే ఇద్దరు నర్సులతో ఒక్క పూట నడుపు, తెలుస్తుంది."

"నిజమే అక్కా."

"నిజమే అనకు. నాతో పోట్లాడు."

"నాకు ఓపిక లేదు."

ఎలీనా ఆమెని తేరిపార చూసింది. తర్వాత లేచి టోపీ సర్దుకుంది. "పద. నాకు చూపించు."

ల్యాబ్‌లో లుసుంగు ప్లేట్లు రెండు వరసలుగా పేర్చి పెట్టింది. ఒక వరస పిల్లల నెత్తురువి, ఒక వరస సీసాలవి. ఎలీనా వంగి ఒక్కొక్కటే చూసింది. తీగతో తనే తాకి చూస్తానంది. మచ్చ సాగింది. "ఇదా," అంది మెల్లగా. "ఎంతమంది?"

"ఎనిమిది మందికి పట్టింది. ఐదుగురు పోయారు. మనం చూసినవాళ్లలో," అంది లుసుంగు.

"పేర్లు?"

"మా దగ్గర నంబర్లే ఉంటాయి సిస్టర్."

ఎలీనా వెళ్లి వార్డు పుస్తకం తెచ్చింది. స్టూలు మీద కూర్చుని, కళ్లద్దాలు ముక్కు చివరికి జరుపుకుని, నంబరూ తేదీ చూసి పేరు వెతకసాగింది. పసికందులకి పేర్లుండవు. పుస్తకంలో తల్లి పేరే. నాలుగో పేరు దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఫాలెస్. చేపలవాళ్ల రేవు. మగబిడ్డ." కళ్లద్దాలు తీసేసింది. "ఈ పిల్లని నేను తిట్టాను. ఆలస్యంగా వచ్చావని, అందరి ముందూ."

లుసుంగు ఆ నంబరు పక్కన పేరు రాసుకుంది.

ఆ మధ్యాహ్నమే వార్డులో తెరిచిన సీసాలన్నీ ఎలీనా తన చేత్తో పారబోసింది. ఇకమీద సూది గుచ్చి ఉంచితే ఉద్యోగం ఉండదని నర్సులకి చెప్పింది. అప్పటికి దొరికిన చిన్న సీసాల మీద తెరిచిన గంట రాయించి, పూట మారగానే పారేయించింది. మర్నాడు మినీబస్సు ఎక్కి కొండ మీది మిషన్ ఆసుపత్రికి వెళ్లి, అక్కడి సిస్టర్ల కాళ్లావేళ్లా పడి రెండు అట్టపెట్టెల నీళ్ల బుడ్లు తెచ్చుకుంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఎలీనా తవొంగా ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. తవొంగా చెప్పులు విప్పి కాళ్లు చాపుకుని ఉంది.

"లే. రేవుకి వెళ్లాలి."

"ఈరోజేనా అక్కా? వారమంతా నిలబడే ఉన్నాను."

"ఈరోజు వెళ్లకపోతే నేనెప్పుడూ వెళ్లను. నన్ను నేనెరుగుదును."

వాన తెరపిచ్చింది. సరస్సు ఒడ్డున వెదురు తడకల మీద ఉసిపా చేపలు ఆరబెట్టారు. ఎండ పోయేలోగా ఆరాలని ఆడవాళ్లు వాటిని గబగబా తిరగేస్తున్నారు. ఫాలెస్‌కి ఇరవై మూడేళ్లుంటాయి. తెల్లకోటు లేకపోయినా ఎలీనాని దూరం నుంచే గుర్తుపట్టింది. చేతులు ఆగలేదు.

"సిస్టర్ గారు మా రేవుకి వచ్చారంటే నేను మళ్లీ ఏం తప్పు చేశానో."

"తప్పు నీది కాదమ్మా. అది చెప్పడానికే వచ్చాను," అంది ఎలీనా. ఇంక చుట్టూ తిప్పకుండా సీసా సంగతీ, సూది సంగతీ, అలా వాడమన్నది ఎవరో కూడా చెప్పింది.

ఫాలెస్ ఒక వరస చేపలు మొత్తం తిరగేసింది. "అంటే నేను ఆలస్యంగా రాలేదన్నమాట."

"రాలేదు."

"నొప్పులు మొదలవగానే బయల్దేరాను. వాగు పొంగితే పడవ మాట్లాడుకుని తెల్లారేసరికి చేరాం. అదే చెప్పాను మీకు. మీరు వినలేదు."

"వినలేదు."

"బిడ్డ మూడోరోజు దాకా బాగా తాగాడు. నాలుగోరోజు జ్వరం." ఫాలెస్ తలెత్తింది. "నా పాలు?"

ఎలీనాకి మొదట అర్థం కాలేదు. తవొంగా జవాబిచ్చింది. "నీ పాలకేం దోషం లేదమ్మా. ఏమీ లేదు."

ఫాలెస్ అప్పుడు చేతులు ఆపింది. నడుముకి చుట్టుకున్న గుడ్డకి పొలుసులు తుడుచుకుంది. "మా అత్త నా పాలు చేదంటుంది. చేదు పోవాలని నెల రోజులుగా వేళ్ల కషాయం తాగిస్తోంది. నా మొగుడు అవతలి ఒడ్డున వాళ్లక్క ఇంట్లో ఉన్నాడు. కషాయం పనిచేశాక వస్తాడట." తడక దాటి వాళ్ల దగ్గరికొచ్చింది. "ఈ మాట నాకు చెప్పి వెళ్లిపోతే ఏం లాభం? రండి. ఆవిడకి చెప్పండి."

అత్తగారు చూరు కింద చాప మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఎలీనా, వార్డులో డాక్టర్లని ఆపే మనిషి, ఆ ముసలామె ముందు తడినేల మీద మోకాళ్ల మీద కూర్చుని తలొంచి పలకరించింది. తర్వాత మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి ఇంకా నెమ్మదిగా.

"అంటే నా మనవణ్ని ఆసుపత్రే చంపిందంటావు," అంది ముసలామె.

"మా సీసాలోంచి వచ్చిందమ్మా జబ్బు. నేను అలా ఉంచమన్న సీసా."

ముసలామె తవొంగా వైపు తిరిగింది. "ఈవిడెవరు?"

"ఇది కనిపెట్టింది ఈమె."

"ఎలా కనిపెట్టావు?"

ముప్పై ఏళ్లలో ఊళ్లో ఒకరు అడిగిన ప్రశ్నకి తన దగ్గర జవాబుండటం ఇదే మొదటిసారని తవొంగాకి తట్టింది. "బిడ్డ నెత్తురు ఒక చుక్క, సీసా నీళ్లు ఒక చుక్క, విడివిడిగా పెట్టి పెంచి చూశామమ్మా. రెండింట్లోనూ ఒకటే మొలిచింది. రెండు మళ్లలో ఒకే మొక్క వస్తే ఏమనుకుంటాం? విత్తనం ఒకటేనని. తల్లి పాలల్లో ఆ విత్తనం ఉంటే మిగతా ఏడుగురు పిల్లలకి ఎలా పోతుంది?"

"విత్తనం సంగతి నాకు నువ్వు చెప్పక్కర్లేదు," అంది ముసలామె. వేరుశనగ గింజలు ఒడిలోంచి చాటలోకి దులిపింది. చివరికి కోడలి వైపు చూడకుండానే అంది. "ఆ కుండలో కషాయం పారబొయ్యి."

ఫాలెస్ లోపలికి వెళ్లింది. ఎలీనాని లేవమని మాత్రం ముసలామె అనలేదు. తవొంగానే చెయ్యిచ్చి లేపింది. ఇద్దరి మోకాళ్లూ చప్పుడు చేశాయి.

దారిలో ఎలీనా అంది, "ఇంకా నలుగురున్నారు."

"తెలుసక్కా."

తర్వాతి ఆదివారాలు అలాగే గడిచాయి. ఒక ఇంట్లో తండ్రి వాళ్లని పెరట్లోంచే వెళ్లగొట్టాడు. ఒక తల్లి ఊరే వదిలి వెళ్లిపోయింది. ఒకామె అంతా విని, నాకివన్నీ ఎందుకు చెబుతున్నారని ఏడ్చింది. మరొకామె ఏమీ అనలేదు. ఉడికించిన చిలగడదుంపలు పెట్టి తినేదాకా ఎదురుగా కూర్చుంది.

ఈ తిరుగుళ్లు డాక్టర్ ముగోఘో చెవిన పడ్డాయి. ఇద్దర్నీ పిలిపించాడు. "ఇంటింటికీ వెళ్లి చెప్పమని ఏ కాగితంలో ఉంది? మీరిద్దరూ కలిసి నా ఉద్యోగం ఊడగొట్టేట్టున్నారు."

"నా ఏడు ఉత్తరాల నకళ్లు తెమ్మంటారా?" అని అడిగింది ఎలీనా.

అతను నుదురు రుద్దుకున్నాడు. నకళ్లు తెమ్మనలేదు. ఆ వారమే ప్రాంతీయ మందుల గిడ్డంగికి తనే కారు నడుపుకుంటూ వెళ్లాడు. ఎవర్ని ఏమడిగాడో, ఏమన్నాడో తెలియదు. నీళ్ల బుడ్లు మాత్రం వచ్చాయి.

ఈలోగా ఫిబ్రవరి ఆఖర్లో లుసుంగు వెళ్లిపోయింది. వెళ్లేముందు రెండు రోజులు కూర్చుని జరిగిందంతా నివేదికగా రాసింది. ఎలీనా దాన్ని చదివి ఒక వాక్యం దగ్గర పెన్ను పెట్టింది. వార్డులో ఇలా వాడుతుండేవారు అని ఉంది అక్కడ.

"వాడుతుండేవారు ఏంటి? ఎవరు? వార్డు సిస్టర్ ఆదేశం మీద అని రాయి. నా పేరు కూడా పెట్టు."

"సిస్టర్, అలా రాస్తే..."

"రాయమ్మా. పేరు లేకపోతే చదివినవాళ్లు ఎవరో తెలివితక్కువవాళ్లు చేశారనుకుంటారు. నాలాంటిది చేసిందంటేనే భయపడతారు."

బస్సు దగ్గర లుసుంగు తవొంగా చేతులు పట్టుకుంది. "కోపమా అమ్మా?"

"లేదు. అలసట. అది నీవల్ల కాదు." ఇంకేదైనా మంచిమాట చెప్పాలనుకుంది తవొంగా. బస్సు కదిలేదాకా తోచలేదు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో వార్డులో పదకొండు మంది పసికందులకి జ్వరం వచ్చింది. అందరి నెత్తురూ తవొంగా ఒక్కతే చూసింది. ఆ జీవి ఒక్కరిలోనూ లేదు. ఇద్దరు పిల్లలు పోయారు, వేరే కారణాలతో. చావులు ఆగాయని ఎవరూ అనలేదు. తగ్గాయి.

మేలో మ్జూజు పట్నంలో ఉత్తర జిల్లాల సిస్టర్ల సమావేశం జరిగింది. బడి హాల్లో చెక్కబెంచీల మీద అరవై మంది. ఎలీనా వేదిక ఎక్కకుండా బెంచీల మధ్యే నిలబడి చెప్పింది. కాగితం చూడలేదు. సూది ఎందుకు ఉంచమందో, ఎంతమంది పోయారో, ఎవరెవరి గుమ్మాలు ఎక్కిందో చెప్పి కూర్చుంది. చప్పట్లు లేవు.

వెనక బెంచీలోంచి కొండ జిల్లా నుంచి వచ్చిన ఒకామె లేచింది. "మేమూ అలాగే వాడతాం," అంది నేల చూస్తూ. ఆమె కూర్చోకముందే ఇంకొకామె చెయ్యెత్తింది. ఆ తర్వాత ముందు వరసలో ఇద్దరు. తర్వాత తవొంగా లెక్కపెట్టడం మానేసింది.

"మా సీసాల్లో ఉందో లేదో మాకెలా తెలుస్తుంది?" అని అడిగింది కొండ జిల్లా ఆమె. "ఎక్కడికి పంపాలి?"

ఎలీనా తల తిప్పి తవొంగాని చూసింది. అందరూ ఆమె వైపే చూశారు. ఒక్క ఇంక్యుబేటర్, రెండు చేతులు, తోడు మనిషి లేదు. ఇంతమంది సీసాలు చూడాలంటే ఎన్ని ప్లేట్లు పోయాలో ఆలోచించేసరికి వెన్ను కిందదాకా అలసట దిగింది. పంపండి, చూస్తాను అనడం తేలిక. జవాబు తిరిగిరాని ఆ పెట్టెల సంగతి ఆమెకి తెలుసు.

"పంపకండి," అంది. "మీ దగ్గర చెయ్యి తిరిగిన మనిషిని ఒకరిని పంపండి, సీసాలతోపాటు. నెల రోజులుంటే నేర్పుతాను. మంగళవారం నుంచి."

"ఎంతమందిని?" అడిగింది ఆమె.

"ముందు ఇద్దరు," అంది తవొంగా. "మా గదిలో స్టూళ్లు రెండే ఉన్నాయి."